నీళ్లు తెల్లబడలేదు

గ్లాసులో నీళ్లు తెల్లబడలేదు. నాకు భయం మొదలైంది అక్కడే.

వంటింటి గుమ్మంలో నిలబడి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటున్నాను. ఎదురుగా వరండాలో పీట మీద మా అత్తయ్య, ఆవిడ ఒళ్లో మూడేళ్ల మా చిన్నవాడు. జామకాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని కడుపు పట్టనన్ని తిన్నాడేమో, నొప్పి నొప్పి అని మెలికలు తిరుగుతున్నాడు. అత్తయ్య అమృతధార కలిపి తాగిస్తున్నారు. మా ఇంట్లో అది రోజూ జరిగే పనే కాబట్టి నేను లోపల గిన్నెలు కడుక్కుంటూనే ఉన్నాను. బయటికి వచ్చేసరికి వాడు సగం తాగేశాడు. అత్తయ్య గ్లాసు కింద పెట్టి వాడి మూతి తుడిచారు. గాజు గ్లాసు. దానిలోంచి ఎండ సూటిగా దూరి గచ్చు మీద పడింది. నీళ్లు కుండలోంచి ముంచినంత తేటగా ఉన్నాయి.

అమృతధార చుక్క పడితే నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడాలి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వాము పువ్వు, పుదీన పువ్వు, కర్పూరం ఈ మూడూ ఒక సీసాలో వేసి ఎండలో పెడితే, చుక్క నీరు పొయ్యకుండానే వాటంతట అవే కరిగిపోతాయి. అదే అమృతధార. అజీర్తికి నీళ్లలో రెండు చుక్కలు, తలనొప్పికి నుదుటి మీద ఒక చుక్క. మా అత్తయ్యకి ఈ విద్య టెక్కలి నుంచి వచ్చిన వాళ్లమ్మ నేర్పింది. ఈ బెంగాల్ రైల్వే ఊళ్లో, సుభాష్‌పల్లిలో మా సందులో ఉన్న తెలుగువాళ్లందరూ ఒకప్పుడు రైల్వే క్వార్టర్లలో పక్కపక్కన బతికినవాళ్లే. ఏటా ఎండాకాలంలో అత్తయ్య చేసి ఇంటింటికీ పంచుతారు. ఎదురింటి బెంగాలీ బౌదీకి, అంటే వదినకి, కూడా. కళ్లలో వేసుకునే చుక్కల మందు సీసాలు ఎవరింట్లో ఖాళీ అయినా కడిగి ఆవిడకే ఇస్తారు. ఆవిడ వాటిలో నింపి తిరిగి ఇస్తారు. మా సందులో ప్రతి ఇంట్లోనూ పేరు లేని ఒక చిన్న సీసా ఉంటుంది. దాని మీద ఏమైనా రాయాలని ఎవరికీ తోచలేదు. మూత తీస్తే వాసనే చెబుతుంది కదా.

"అత్తయ్యా, ఏ సీసాలోది పోసినారు?" అన్నాను.

"ఏటమ్మీ, మందు సీసాయే."

"నీళ్లు తెల్లబడలేదు."

ఆవిడ గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి చూశారు. "ఓలమ్మ, అవునే. పాతబడిపోనాదేటో. వాసనైతే పుదీనా వాసనే ఏస్తాంది."

సీసా తీసుకుని ఒక చుక్క వేలి మీద వేసుకున్నాను. అమృతధారైతే చర్మం మీద చల్లగా మండుతుంది. ఇది మండలేదు. జిగురుగా, పాకంలా సాగింది. పుదీనా వాసనే, కానీ చూయింగ్ గమ్ తియ్యదనం అందులో కలిసి ఉంది.

"ఇదెక్కడిది?"

"నా సీసాలో సుక్క నేదు. మందయిపోనాదని నాననుకుంటంటే, నాన్న అద్దం ఎనకాల ఉంది మామ్మా అని గుంటే తెచ్చింది. నానిచ్చిందే ఆడొకటి దాసుకున్నాడు కాబోలనుకున్నాను."

గుంట అంటే మా పెద్దది. రెండో తరగతి చదువుతోంది. తలుపు పక్కన నిలబడి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

మా ఆయనకి ఫోన్ చేశాను. రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. వెనకాల ఇనుము కోస్తున్న చప్పుడు.

"షేవింగ్ అద్దం వెనకాల ఉన్న సీసా ఏటండీ?"

"ఎందుకు?"

"చిన్నోడు తాగినాడు."

ఇనుము చప్పుడు దూరమైంది, షెడ్డు బయటికి నడిచినట్టున్నాడు. "అది నోటి వాసనకి. మౌత్ ఫ్రెషనర్. ఏటీ కాదులే. నీలు బాగా తాగించు."

నమ్మాను. నమ్మి ఫోన్ పెట్టేశాను కూడా. ఇటు తిరిగేసరికి చిన్నవాడి నోట్లోంచి చొంగ ధారలా కారుతోంది. ముఖం పాలిపోయింది, నుదుటి మీద చెమట. ఒక్కసారిగా భళ్లున కక్కుకున్నాడు. వాణ్ని ఎత్తుకుని, సీసా గుప్పిట్లో పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా సందు చివరికి పరుగెత్తాను. ఆగి ఉన్న టోటో, అదే బ్యాటరీ ఆటో, ఎక్కి ఆస్పత్రి అన్నాను. దారంతా వాడు నా భుజం మీద కక్కుతూనే ఉన్నాడు. టోటో అతను వెనక్కి చూడకుండా హారన్ మోగిస్తూ పోనిచ్చాడు.

డాక్టరు నాకంటే చిన్నదిలా ఉంది. "కీ ఖేయేఛే?" అంది, ఏం తిన్నాడని. మౌత్ ఫ్రెషనర్ అన్నాను. ఆ అమ్మాయి సీసా మూత తీసి వాసన చూసింది. వాడి నాడి పట్టుకుని చూసింది. నా ముఖం చూసింది. ఇంట్లో ఎవరైనా ఈ-సిగరెట్ తాగుతారా అని హిందీలో అడిగింది. లేదన్నాను. అబద్ధం ఆడాలని అనలేదు. నాకు తెలిసిన నిజం అప్పటికి అదే.

అంతలో, అత్తయ్య ఫోన్ చేస్తే, మా ఆయన వచ్చాడు. మెడలో వేలాడుతున్న స్టాఫ్ కార్డుని గుమ్మం దగ్గరే తీసి జేబులో పెట్టుకోవడం చూశాను. అందుకు కారణం అప్పుడు తెలియలేదు. నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లాడు.

"డాక్టరుకి ఏటి సెప్పినావు?"

"మీరు చెప్పిందే చెప్పినాను."

"మంచిది." గొంతు తగ్గించాడు. "అది ఈ-సిగరెట్లో పోసే నీలు. ఆ మాట ఇక్కడ ఎత్తకు. బ్యాన్ అది. కేసు రాసేస్తారు. నాది గవర్నమెంటు ఉద్యోగం."

"లోపల మీ కొడుకు చేతులు చల్లబడిపోతన్నాయి."

"ఏదో సెంటు నీలని సెప్పు. ఏటి తాగినా ఆలిచ్చే మందొకటే కదా."

ఆ మాట అన్న మనిషి చెడ్డవాడు కాదు. పిల్లాడికి జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చునే తండ్రి. భయం అతని చేత ఆ మాట అనిపించింది. నేను దాన్ని ఇప్పటికీ క్షమించలేదు, ఈ కాగితం మీద కూడా క్షమించడం లేదు.

లోపలికి వెళ్లి చెప్పేశాను. అతను తల వంచుకుని నా వెనకాలే వచ్చాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. పోలీసు మాట ఎత్తలేదు. మా ఆయన ఉద్యోగం ఏమిటో కూడా అడగలేదు. ఎంత ఘాటుదని ఒక్కటే అడిగింది.

"కిత్నా స్ట్రాంగ్ థా?"

"మాలూమ్ నహీ," తెలియదన్నాడు మా ఆయన.

ఆ అమ్మాయి సీసాని నాలుగు వైపులా తిప్పి చూసింది. ఒక్క అక్షరం లేదు. వీటిలో నీళ్లలాంటివీ ఉంటాయి, నాలుగు చుక్కలకే పిల్లల ప్రాణం మీదికి తెచ్చేవీ ఉంటాయి, ఇది ఏదో నేనెలా చెప్పను అంది. ఆ తర్వాత మాతో మాట్లాడలేదు. పిల్లాడి ఛాతీకి తీగలు తగిలించారు, చేతికి సూది గుచ్చారు. ఒక నర్సు వచ్చి నన్ను పక్కకి జరిపింది.

మర్నాడు ఇంటికి పంపించారు. వాడు బతికాడు. వచ్చీ రాగానే బిస్కట్ అడిగాడు. కథగా చెప్పాలంటే ఇక్కడితో అయిపోవాలి. నా కోపం మాత్రం ఇక్కడే మొదలైంది.

ఆ బ్యాన్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మా పెద్దది అప్పటికి ఒళ్లో పాప. మా ఆయన అప్రెంటిస్ రోజుల నుంచీ సిగరెట్లు కాల్చేవాడు. మానడానికని ఈ-సిగరెట్ మెషీను కొనుక్కున్నాడు. అప్పట్లో దానిలో పోసే నీళ్లు దర్జాగా అట్టపెట్టెలో వచ్చేవి. ఎంత ఘాటో పెట్టె మీద రాసి ఉండేది. పుర్రె గుర్తు ఉండేది. పిల్లలకి అందకుండా ఉంచమని ఉండేది. మూత గట్టిగా నొక్కి తిప్పితే గాని వచ్చేది కాదు. నేను రెండు మూడుసార్లు తియ్యబోయి చెయ్యి నొప్పెట్టి వదిలేశాను.

టీవీలో ఆ వార్త రాగానే మా ఆయన, అతని వర్క్‌షాపు స్నేహితులు మా వరండాలో చేసిన గోల ఇంతా అంతా కాదు.

"పాన్ డబ్బాలో సిగరెట్టుంది. బీడీ ఉంది. ఖైనీ ఉంది. అయ్యన్నీ మంచియి. నాదే నేరం!"

"మరే, మల్లీ సిగరెట్టే కాలుద్దారి. గవర్నమెంటుకి సంతోషం."

"నాను మానేద్దారని కొన్నాన్రా బాబూ. మానేద్దారనుకున్నోడినే పట్టుకుంటారేటి?"

నేను లోపల టీ పెడుతూ సంతోషపడ్డాను. నేను నోరు నొప్పెట్టేలా చెప్పినా జరగనిది, గవర్నమెంటు ఒక్క మాటతో చేసేసింది అనుకున్నాను. ఇక అది నా ఇంట్లోకి రాదు. ఆ మెషీను కూడా కొన్నాళ్లకి కనిపించకుండా పోయింది. అతను మళ్లీ సిగరెట్లలో పడ్డాడు. తర్వాత అవీ తగ్గించాడు. చొక్కాలు ఉతికేటప్పుడు పొగ వాసన రావడం లేదని, మానేశాడని, మా అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. వాసన రాకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది. హిజ్లీ వైపు కాలేజీలో చదువుకునే కుర్రాళ్ల దగ్గర నుంచి మలంచా రోడ్డు కొట్టు దాకా అది దొరుకుతూనే ఉందట. అడగాల్సిన పద్ధతిలో అడగాలట, అంతే.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ చట్టంలో ఏముందో ఫోన్లో వెతికి చదివాను. చెయ్యకూడదు, తేకూడదు, అమ్మకూడదు, నిల్వ పెట్టకూడదు, ప్రకటనలు వెయ్యకూడదు. ఇన్ని కూడదులు ఉన్నాయి. ఇన్ని ఉన్నా నా కొడుకు కడుపులోకి వెళ్లడాన్ని ఏదీ ఆపలేదు. పోయిందల్లా పుర్రె గుర్తు పోయింది. ఘాటెంతో చెప్పే అంకె పోయింది. పిల్లల చేతికి రాని ఆ గట్టి మూత పోయింది. అది మా అత్తయ్య అమృతధార పోసే సీసాలాంటి దానిలోకి వచ్చి కూర్చుంది. బ్యాన్ ఎత్తెయ్యమని నేను అడగడం లేదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే మా ఆయన స్నేహితులు నా ఏడుపుని కూడా తమ వాదనకి వాడుకున్నారు. "సూసినారా, అందుకే బ్యాన్ తియ్యాలంటన్నాం." తియ్యక్కర్లేదు. బ్యాన్ చేసినవాళ్లు అది నడిచేదాకా నిలబడండి అంటున్నాను. కాగితం మీద రాసేసి వెళ్లిపోతే, ఆ మిగతా పని ఎవరు చెయ్యాలి? వంటింట్లో నేనా? కళ్లద్దాలతో మా అత్తయ్యా?

మూడో రోజు ఒకాయన పిల్లాణ్ని చూడ్డానికి వచ్చాడు. మా ఆయనతో ఒకే వర్క్‌షాపులో పనిచేస్తాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. కమలాపళ్ల సంచి తెచ్చాడు. చిన్నవాడి తల నిమిరాడు, దేవుడు సల్లగా సూసినాడన్నాడు. టీ తాగాడు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటూ గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, ఆ సీసా ఆస్పత్రిలోనే ఉండిపోనాదేటి?"

"ఏం అన్నయ్యా?"

"ఏటీ నేదు. ఇంకా సగముండాలి కదా అందులో. ఈమజ్జిన మాలు దొరకటం నేదు. ఆ కొట్టోడు భయపడతన్నాడు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండిపోయింది. కమలాపళ్ల సంచి తెచ్చి అతని చేతిలో పెట్టాను.

"ఇవి కూడా పట్టుకెళ్లు అన్నయ్యా. పిల్లడు తాగగా మిగిలింది ఇంట్లో ఇంకేటీ లేదు."

"అదేటి చెల్లెమ్మా, తప్పుగా అనుకోకు."

"ఒప్పుగా ఎలగ అనుకోవాలో నువ్వే చెప్పు."

మా ఆయన గదిలోంచి అంతా విన్నాడు, బయటికి రాలేదు. వచ్చినాయన వెళ్లాక, ఆ కొట్టు ఎక్కడో చెప్పమని మా ఆయన్ని అడిగాను. చెప్పకపోతే ఆస్పత్రికి వెళ్లి పోలీసుల్ని పిలిపించమని నేనే అడుగుతానన్నాను. చెప్పాడు.

మలంచా రోడ్డు మీద, బస్సులు ఆగేచోటికి కాస్త అవతల, ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు అమ్మే కొట్టు. నేనే ఆ కొట్లో పెద్దదాని ట్యాబ్‌కి అద్దం వేయించాను. కొట్టతను తెలుగువాడు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టుకున్న కుటుంబం.

"రండక్కా. కవర్ కావాలాండి?"

"పుదీనా సీసా కావాలి."

కింది నుంచి పై దాకా చూశాడు. "ఎవరు పంపారండి?"

మా ఆయన పేరు చెప్పాను. ముఖం విచ్చుకుంది. "అన్నయ్యగారాండీ! ఆయనే రావచ్చుగా, మిమ్మల్నెందుకు కష్టపెట్టడం." చార్జర్ల పెట్టె అడుగున చెయ్యి పెట్టి ఒక చిన్న సీసా తీశాడు. అదే సీసా. "మామిడి కూడా వచ్చిందండి, చూస్తారా?"

"దీని మీద పేరేదీ?"

"పేరెందుకండీ, మూత తీస్తే తెలిసిపోద్దిగా."

"ఘాటెంత?"

"అన్నయ్య మెచ్చుకునేంత." నవ్వాడు.

"మూడేళ్ల నా కొడుకు ఇదే తాగినాడు. ఎంత ఘాటో చెప్పండి అని డాక్టరు అడిగితే మా నోట మాట లేదు. అందుకని అడగడానికి వచ్చినాను."

సీసా మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోయింది. "అయ్యో. బాగున్నాడాండి?"

"బతికినాడు. ఎంత ఘాటు?"

"నిజం చెప్తున్నానక్కా, నాకూ తెలీదు. పెద్ద డబ్బాలో వస్తది. మేం చిన్నవాటిలో పోసుకుంటాం. లేబులేసి అమ్మితే పట్టుకుంటారండి, బ్యాన్ కదా."

"తెలీకుండా ఎలగ అమ్ముతున్నావు?"

"నేను మానేస్తే పక్కోడు అమ్ముతాడండి. అన్నయ్య మానేస్తాడేంటి?" కాసేపు కవర్లు సర్దినట్టు నటించాడు. తర్వాత బుద్ధి చెబుతున్నట్టు అన్నాడు. "అయినా, ఇలాంటివి పిల్లలకి అందకుండా పెట్టుకోవాలండి. ఇంట్లో ఆడవాళ్లు చూసుకోవాలి కదా."

ఆ మాట వినకపోతే నేను మెల్లగా తిరిగి వచ్చేసేదాన్నేమో. చార్జర్ల అడుగున దాచి అమ్మే మగవాడు ఉన్నాడు. అద్దం వెనకాల దాచి తాగే మగవాడు ఉన్నాడు. కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. చూసుకోవాల్సింది మాత్రం, అది ఇంట్లో ఉందనే తెలియని నేను! రోడ్డు మీదికి దిగి, అటూ ఇటూ పోయేవాళ్లకి వినపడేలా, తెలుగులోనూ హిందీలోనూ అరిచాను. ఈ కొట్లో పేరు లేని విషం అమ్ముతున్నారు, నా బిడ్డ చావు తప్పి బయటపడ్డాడు అని. ఇద్దరు ముగ్గురు ఆగారు. ఒక ముసలాయన "హోయేఛే దీదీ, హోయేఛే" అని, ఇక చాలమ్మా అని, నన్నే సముదాయించాడు. కొట్టతను షట్టర్ సగం దించేశాడు.

మర్నాడు పొద్దున్న ఆ దారిన ఆటోలో వెళుతూ చూశాను. షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంది. రంగురంగుల కవర్లు గాలికి ఊగుతున్నాయి.

ఫిర్యాదు రాసి ఇవ్వాలని రెండుసార్లు కూర్చున్నాను. ఎవరి ద్వారా తెలిసింది అని రాయాల్సిన చోట చెయ్యి ఆగిపోతోంది. అక్కడ రాయాల్సింది మా ఆయన పేరు. మా తిండి అతని ఉద్యోగం మీదే ఉంది. ఆ కొట్టతను కూడా సరిగ్గా దాన్నే నమ్ముకున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. కొనేవాడి భయమే అతనికి కాపలా.

మా అత్తయ్య సంగతి చెప్పలేదు. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చుట్టాలు ఫోన్ చేసిన ప్రతిసారీ మా ఆయన "అమ్మ సూసుకోకుండా పోసేసింది" అని మొదలుపెట్టేవాడు. ఆవిడ గోడవైపు తిరిగి కూర్చునేవారు. మూడో రోజు లేచి బజారుకి వెళ్లి, గాయాలకి వేసే తెల్ల ప్లాస్టర్ చుట్ట కొనుక్కొచ్చారు. సందులో ఇంటింటికీ వెళ్లి తను ఇచ్చిన సీసాలన్నీ వెనక్కి అడిగి తెచ్చారు. నా ముందు పరిచారు.

"రాయమ్మీ. అమృతధార అని రాయి. బంగ్లాలో కూడా రాయి, బౌదీకి తెలుగు రాదు. పిల్లలకి ఎన్ని సుక్కలో అదీ రాయి."

"అత్తయ్యా, మీది అందరికీ తెలిసిన మందే కదా."

"నాకూ అన్నీ తెలుసుననే అనుకున్నానే. మా యమ్మ సేత్తో ఇచ్చిన మందది. దాని పేరు సెప్పి నా సేత్తోనే ఆడు నా మనవడికి ఇషం పోయించినాడు."

ఆవిడ కొడుకు ఆ మాట విన్నాడు. ఆ తర్వాత చుట్టాలతో ఆ వాక్యం అనడం మానేశాడు.

ఇంత జరుగుతున్నా ఒకటి నా కంట పడలేదు. మా పెద్దది మాట తగ్గించేసింది. మామ్మ పక్కన పడుకోవడం మానేసింది. నాన్న రాగానే పుస్తకం పట్టుకుని గదిలోకి పోతోంది. తమ్ముడికి బాగోలేక బెంగ పెట్టుకుందనుకున్నాను. కొట్టు దగ్గర గొడవ జరిగిన మర్నాడు సాయంత్రం దానికి జడ వేస్తుంటే, ముఖం అటే పెట్టుకుని అడిగింది.

"అమ్మా, నేను చెప్పేసినానని దేవుడు తమ్ముణ్ని అలగ చేసినాడా?"

"ఏటి చెప్పినావు?"

"నాన్న మందు సంగతి. ఎవరికీ చెప్పొద్దన్నాడు. అమ్మకి అస్సలు చెప్పొద్దన్నాడు. కానీ మామ్మ మందు లేదంది కదా, అందుకని మామ్మకి చెప్పేసినాను."

దువ్వెన పక్కన పెట్టేశాను. మెల్లగా అడిగితే మొత్తం చెప్పింది. పెరటి కిటికీ దగ్గర అతను పొగ వదులుతుంటే ఇది చూసిందట. జలుబుకి ఆవిరి పట్టుకుంటున్నాను, ఇది నాన్న మందు అన్నాడట. మనిద్దరి రహస్యం అన్నాడట. ఏడేళ్ల పిల్లకి తండ్రి తనని నమ్మి ఒక రహస్యం ఇచ్చాడు. ఎంత మురిసిపోయిందో, దాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకుందో! తమ్ముడు ఏడుస్తుంటే, మందు ఎక్కడుందో తనకి మాత్రమే తెలుసని ధైర్యం చేసి ఆ రహస్యం విప్పింది. ఆ తర్వాత వాడు కక్కుకోవడం చూసింది.

గవర్నమెంటు మీద, కొట్టు మీద, కమలాపళ్ల అన్నయ్య మీద ఉన్న కోపం అంతా ఆ నిమిషం పక్కకి పోయింది. అవన్నీ బయటివి. ఇది నా ఇంట్లో, నా కూతురి నోటికి వేసిన తాళం. అది ఉన్నంతకాలం అద్దం వెనకాల ఏ సీసా ఉన్నా నాకు తెలియదు.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే వాళ్లమ్మ ముందే అడిగాను. కాదనలేదు.

"సిన్నపిల్ల, నీకు సెప్పేస్తాదని అలగన్నాను. బ్యాన్ లేకపోతే నాకు దాసుకునే పనేటి?"

"బ్యాన్ మీ చేత సీసా దాపించిందంటే ఒప్పుకుంటాను. పిల్ల చేత అబద్ధం దాపించింది మీరు."

"మానేస్తానంటన్నాను కదే."

"మానేసినాక అప్పుడు చెప్పండి. పొద్దున్న పిల్లలకి నిజం చెప్పాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అతను బూట్లు విప్పుకుంటూ, నువ్వే సెప్పు, నా నోట రాదు అన్నాడు. అయితే మీరు పక్కన కూర్చోవాలి అన్నాను.

ఆ పొద్దున్న సంగతి కూడా రాసేసి పడుకుంటాను. అతను యూనిఫాం వేసుకుని, బూట్ల తాళ్లు కట్టకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. వర్క్‌షాపు సైరన్ ఇంకా కూయలేదు. అత్తయ్య గుమ్మంలో ఉన్నారు. పిల్లలిద్దరూ పాలల్లో మరమరాలు వేసుకుని తింటున్నారు. చిన్నవాడికి సగం కూడా అర్థం కాదని తెలుసు, అయినా వాడి గిన్నె కూడా పక్కకి జరిపి ఇలా చెప్పాను.

"నాన్న అద్దం వెనకాల ఉన్నది మందు కాదు. నాన్న ఆవిరి పట్టుకోలేదు, పొగ తాగినాడు. అది కూడా సిగరెట్టే. అమ్మకూడదని ఉంది, అయినా కొన్నాడు, మనకి అబద్ధం చెప్పినాడు. నాన్న ఇంకా మానలేదు. మానాలని చూస్తున్నాడు. అది కష్టం, అందుకే తిట్టకండి, కానీ నమ్మేసి ఊరుకోవద్దు. అమ్మీ, నువ్వు చెప్పేసినందుకు తమ్ముడికి జబ్బు చెయ్యలేదు. చెప్పొద్దన్నది తప్పు, చెప్పింది కాదు. ఇకమీద అమ్మకి చెప్పొద్దని ఎవరైనా అంటే, నాన్నయినా సరే, మామ్మయినా సరే, తిన్నగా నా దగ్గరికి రండి. నాన్నకి చెప్పొద్దని నేనంటే, తిన్నగా నాన్న దగ్గరికి పొండి."